హక్కు దయ కాదన్న జడ్జి: కోకా సుబ్బారావు

తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రం దగ్గర పొద్దున్నే చూస్తే పాత చిత్తూరు జిల్లా సగం అక్కడే ఉన్నట్టుంటుంది. మదనపల్లె, పీలేరు, పుంగనూరు, పలమనేరు నుంచి జనం కాగితాల కవర్లు చేత్తో పట్టుకుని వస్తారు. ఒకరికి కువైట్‌లో డ్రైవర్ పని దొరికింది. ఇంకొకరు ఉమ్రాకి పోవాలి. ఒకామె కొడుకు దుబాయ్ నుంచి పిలిపించుకుంటున్నాడు. కాగితాలు సరిగ్గా ఉంటే పాస్‌పోర్టు వస్తుందని వాళ్లందరికీ ధీమా.

ఆ ధీమా ఎప్పుడూ ఉన్నది కాదు. 1967కి ముందు పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు ఇష్టం. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడమూ సర్కారు ఇష్టమే. ఆ పద్ధతి చెల్లదని ఫైసలా ఇచ్చిన జడ్జి తెలుగువాడు. పేరు కోకా సుబ్బారావు. స్వతంత్ర భారతదేశంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి తెలుగువాడు ఆయనే.

రాజమండ్రి నుంచి మద్రాసు దాకా

సుబ్బారావు 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి వకీలు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో చదివారు. ఫుట్‌బాల్ బాగా ఆడేవారు. ఆ తర్వాత మద్రాసులో లా చదివి, మామగారి దగ్గర జూనియర్‌గా చేరారు. కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మున్సిఫ్‌గా కూడా పనిచేశారు. కానీ ఆ ఉద్యోగంలో నిలవలేదు. మళ్లీ మద్రాసుకే వచ్చి, బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు పెట్టారు. ఇద్దరూ పైకి వచ్చారు. రాజమన్నార్ మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సుబ్బారావు 1948లో అదే కోర్టులో జడ్జి అయ్యారు.

అప్పట్లో చిత్తూరు జిల్లా మద్రాసు కిందే ఉండేది. చిత్తూరు కోర్టులో దావా ఓడిపోతే అప్పీలుకి మద్రాసు పోవాల్సిందే. ఇక్కడి నుంచి రాజ్యాంగ సభకి వెళ్లినవారిలో తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ఒకరు. వకీలుగా పనిచేసిన ఆయన తర్వాత లోక్‌సభ స్పీకర్ కూడా అయ్యారు. అలాంటివాళ్లు కూర్చుని ప్రాథమిక హక్కుల అధ్యాయాన్ని రాశారు. 1950 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. రాసినవాళ్ల పని అక్కడితో అయిపోయింది. ఆ మాటలకి అర్థం చెప్పే పని జడ్జీల మీద పడింది.

గుంటూరులో కొత్త కోర్టు

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని, హైకోర్టు రెండింటిలో ఒకటి రాయలసీమకి దక్కాలని 1937లోనే శ్రీబాగ్ ఒప్పందం ఉంది. దాని ప్రకారం కర్నూలుకి రాజధాని, గుంటూరుకి హైకోర్టు వచ్చాయి. ఆ కోర్టుని నిలబెట్టే బాధ్యతని సుబ్బారావుకి అప్పగించారు. 1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు మొదలైంది. మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. చిత్తూరు కక్షిదారుకి మాత్రం దగ్గర్లోని మద్రాసు పోయి దూరాన ఉన్న గుంటూరు వచ్చింది.

అదే ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టారు. సుబ్బారావు కొంతకాలం దానికి ఛాన్సలర్‌గా ఉన్నారు. సీమ పిల్లలు డిగ్రీ మించి చదవాలంటే మద్రాసుకో, విశాఖకో పోవాల్సిన రోజులవి.

హైకోర్టు చెప్పే మాటకి ఎంత బలం ఉంటుందో ఇక్కడ తెలుసుకోవాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలకి కలిపి ఒక్కో ఫెడరల్ అప్పీలు కోర్టు ఉంటుంది. హక్కుల గురించి అది చెప్పిన మాట ఆ ప్రాంతంలోని కింది ఫెడరల్ కోర్టులన్నిటికీ శాసనం. మన దగ్గర ఆ స్థానం హైకోర్టుది. రాజ్యాంగం 226వ అధికరణం ప్రకారం, హక్కు పోయిందని ఎవరైనా నేరుగా హైకోర్టులో రిట్ వేయొచ్చు. అక్కడ వచ్చిన తీర్పు ఆ రాష్ట్రంలోని ప్రతి మున్సిఫ్ కోర్టుకి, ప్రతి తహశీల్దారు ఆఫీసుకి వర్తిస్తుంది. దాని మీద సుప్రీంకోర్టు చెప్పింది 141వ అధికరణం కింద దేశమంతటికీ చట్టం. అంటే పుస్తకంలో ఉన్న ఒక్క వాక్యం చిత్తూరు రైతు దాకా రావాలంటే ఈ కోర్టుల గుండా రావాల్సిందే.

1956 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే హైకోర్టు హైదరాబాద్‌కి, మూసీ ఒడ్డున నిజాం కాలంలో కట్టిన భవనంలోకి మారింది. అక్కడా మొదటి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావే. 1958 జనవరి 31న ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లారు.

ఓడిపోయిన తీర్పులే గెలిచాయి

ఢిల్లీలో మొదటి కొన్నేళ్లు ఆయనది చాలాసార్లు ఒంటరి గొంతు. మిగతా జడ్జీలు ఒక వైపు ఉంటే ఆయన విడిగా తన తీర్పు రాసేవారు. దాన్ని భిన్నాభిప్రాయం అంటారు. ఆ రోజుకి దానికి విలువ లేదు. కేసు పోయినట్టే. కానీ అది రికార్డులో ఉండిపోతుంది.

ఖరక్ సింగ్ కేసు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యం లేక బయటికొచ్చిన మనిషి. అయినా పోలీసులు ఆయన మీద హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టడం, ఇంటి చుట్టూ కాపలా కాయడం, ఎక్కడికి పోతే అక్కడ ఆరా తీయడం మొదలైంది. 1962 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు రాత్రి తలుపు కొట్టడం మాత్రం తప్పంది. మిగతా నిఘా అంతా సరేనంది. ప్రైవసీ అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని కూడా చెప్పింది. సుబ్బారావు ఒప్పుకోలేదు. అడుగడుగునా నీడలా పోలీసు వెంట ఉంటే ఆ మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని, ఎవరి ఏకాంతం వాళ్లకి ఉండటం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని రాశారు. జస్టిస్ జె.సి. షా ఆయనతో కలిశారు. అయినా ఇద్దరే. ఓడిపోయారు.

మరుసటి ఏడాది దేవదాసన్ కేసు వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకి కేటాయించిన ఉద్యోగాలు ఒక ఏడాది నిండకపోతే వాటిని తర్వాతి ఏళ్లకి కలుపుకుపోవచ్చా అన్నది ప్రశ్న. నలుగురు జడ్జీలు కుదరదన్నారు. సుబ్బారావు ఒక్కరే కుదురుతుందన్నారు. రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదని, సమానత్వాన్ని నిజం చేసే దారి అదేనని ఆయన వాదన. మేలుజాతి గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత మీద నిలబెట్టి పరిగెత్తమంటే అది పోటీ అనిపించుకోదని వివరించారు. ఆ మాటకి 1975లో ఎన్.ఎం. థామస్ కేసులో బలం దొరికింది. 1992లో మండల్ కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం రిజర్వేషన్ మినహాయింపు కాదన్న ఆ ఆలోచననే ఖాయం చేసింది. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకి ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన నాలుగు శాతం మీద కోర్టుల్లో నడిచిన వాదనల వెనక కూడా ఆ ప్రశ్నే ఉంది.

ఆరుగురు, ఐదుగురు

1966 జూన్ 30న సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఎనిమిది నెలల తర్వాత, 1967 ఫిబ్రవరి 27న, గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది.

పంజాబ్‌లోని జలంధర్‌లో ఒక కుటుంబానికి ఐదు వందల ఎకరాలకి పైగా భూమి ఉండేది. భూ పరిమితి చట్టం కింద దాన్ని తగ్గించారు. కుటుంబం కోర్టుకెక్కింది. అసలు ప్రశ్న భూమి కంటే పెద్దది. మెజారిటీ ఉన్న పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి ప్రాథమిక హక్కుల్ని తీసేయగలదా? పదకొండు మంది జడ్జీలు కూర్చున్నారు. ఆరుగురు తీసేయలేదన్నారు, ఐదుగురు తీసేయగలదన్నారు. ఆ ఆరుగురిలో జస్టిస్ ఎం. హిదాయతుల్లా ఒకరు. ఆయన విడిగా తీర్పు రాసి సుబ్బారావు వైపు నిలబడ్డారు. ఒక్క ఓటు అటు పోయి ఉంటే ఫలితం తిరగబడేది.

ఆ తీర్పులో సుబ్బారావు ఒక జాగ్రత్త తీసుకున్నారు. అప్పటిదాకా జరిగిన సవరణలు, వాటి కింద జరిగిన భూ పంపకాలు చెల్లుతాయని, కొత్త సూత్రం ఇక ముందుకే వర్తిస్తుందని చెప్పారు. అలా చెప్పకపోతే దేశంలో భూ సంస్కరణలన్నీ కూలిపోయేవి. ఫలితంగా సూత్రం గెలిచింది కానీ, కేసు వేసిన గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి దక్కలేదు.

విమర్శ మాత్రం గట్టిగానే వచ్చింది. పేదవాడికి భూమి పంచే చట్టాలకి ఇది అడ్డం పడుతుందని, ఆస్తిపరుల పక్షమని చాలామంది అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఆస్తి హక్కుని సుబ్బారావు మిగతా హక్కులతో సమానంగా చూశారు. దేశం ఆ దారిన పోలేదు. 1978లో 44వ సవరణతో ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితా నుంచే తీసేశారు.

జాకిర్ హుసేన్ మీద పోటీ

1967 ఏప్రిల్ 10న పాస్‌పోర్టు తీర్పు వచ్చింది. కేసు వేసినది సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి. విదేశాలకి పోయే హక్కు 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా సర్కారు దాన్ని ఆపలేదని ముగ్గురు జడ్జీలు చెప్పారు. ఇద్దరు కాదన్నారు. ఆ తీర్పుతో ప్రభుత్వం హడావుడిగా పాస్‌పోర్టు చట్టం తేవాల్సి వచ్చింది. ఇవ్వనంటే కారణం చెప్పాలి, దాని మీద అప్పీలు ఉండాలి అన్న ఏర్పాటు ఆ చట్టంతోనే వచ్చింది.

మర్నాడే, ఏప్రిల్ 11న, సుబ్బారావు రాజీనామా చేశారు. పదవీ విరమణకి ఇంకా మూడు నెలలుంది. ప్రతిపక్షాలు ఆయన్ని రాష్ట్రపతి పదవికి నిలబెట్టాయి. ఎదుట కాంగ్రెస్ అభ్యర్థి, ఉపరాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్. దిగిపోతున్న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణిలో పుట్టి, చిన్నప్పుడు తిరుపతి మిషన్ స్కూల్లో చదివినవారు. జాకిర్ హుసేన్ పుట్టింది హైదరాబాద్‌లో. పోయేవారు, పోటీపడే ఇద్దరు, ముగ్గురికీ ఈ నేలతో సంబంధం ఉంది.

ఆ ఎన్నిక మామూలుది కాదు. దేశంలో అత్యున్నత పదవిలో ఒక ముస్లిం కూర్చోగలడా అని లోకమంతా చూసింది. మే 6న ఓటింగ్ జరిగింది. జాకిర్ హుసేన్‌కి 4,71,244, సుబ్బారావుకి 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. జాకిర్ హుసేన్ గెలిచి మొదటి ముస్లిం రాష్ట్రపతి అయ్యారు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోంచి లేచి నేరుగా రాజకీయ పోటీకి దిగడం సరికాదన్న మాట మాత్రం సుబ్బారావు పేరుతో ఉండిపోయింది. అంతకుముందు రాసిన తీర్పుల్ని కూడా కొందరు అనుమానంగా చూడటానికి ఆ అడుగే కారణమైంది. 1969లో జాకిర్ హుసేన్ పదవిలో ఉండగానే చనిపోయాక కొన్ని వారాలు తాత్కాలిక రాష్ట్రపతిగా కూర్చున్నవారిలో ఒకరు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా.

పోయాక వచ్చిన గెలుపు

1971లో పార్లమెంటు 24వ సవరణతో గోలక్‌నాథ్‌ని పక్కన పెట్టింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పుని కొట్టేసింది. కానీ సవరించే అధికారానికి హద్దు ఉందని, రాజ్యాంగం మూల స్వరూపాన్ని చెరపలేరని ఏడుగురు జడ్జీలు చెప్పారు. దారి మారినా సుబ్బారావు భయపడిన ప్రమాదానికి ఒక కట్ట పడింది.

ఆ కట్ట ఎంత అవసరమో ఎమర్జెన్సీ చూపించింది. విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు కోర్టుకి రావచ్చని తొమ్మిది హైకోర్టులు ధైర్యంగా చెప్పాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు వాటన్నిటినీ తోసిపుచ్చింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ఎనిమిది రోజుల తర్వాత, మే 6న, సుబ్బారావు కన్నుమూశారు. రాష్ట్రపతి ఎన్నిక జరిగి ఆ రోజుకి సరిగ్గా తొమ్మిదేళ్లు.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. ఖరక్ సింగ్ కేసులో ప్రైవసీ లేదన్న మాటని కొట్టేశారు, సుబ్బారావు రాసిందే సరైనదన్నారు. ఎమర్జెన్సీ నాటి తీర్పునీ అదే రోజు కొట్టేశారు. ఓడిపోయిన కాగితం గెలవడానికి 55 ఏళ్లు పట్టింది.

తెలుగులో హక్కు అనే మాట అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. దానికి ఎవరి దయా అక్కర్లేదు. ఈ రోజు చిత్తూరులో ఏ కుర్రాడి ఇంటి తలుపునైనా అర్ధరాత్రి కారణం లేకుండా పోలీసు కొడితే, అమరావతి హైకోర్టులో రిట్ వేసే వకీలు చేతిలో సుబ్బారావు రాసిన ఆ కాగితం ఉంటుంది.