పింగాణీలో చరిత్రను చదివిన విద్వాంసుడు - సర్ పెర్సివల్ డేవిడ్

చరిత్ర యనగా శాసనాలు, తాళపత్రాలు, నాణేలు మాత్రమే యని మనలో చాలామంది భావిస్తారు. కాని మానవుడు నిత్యం వాడుకొన్న కుండ, పళ్ళెం, కూజా వంటివి సైతం తమ కాలాన్ని గూర్చి సాక్ష్యం చెప్పగలవు. ఆ సాక్ష్యాన్ని వినడానికి ఓర్పు కావాలి. పరీక్షించడానికి పాండిత్యం కావాలి. చైనా పింగాణీ విషయంలో ఈ రెండింటినీ జీవితాంతం చూపిన మహనీయుడు సర్ పెర్సివల్ డేవిడ్. ఆయన మన దేశంలోనే జన్మించారని ఎరిగినవారు అరుదు.

పెర్సివల్ డేవిడ్ 1892 జూలై 21న బొంబాయి నగరంలో జన్మించారు. బాగ్దాదు ప్రాంతం నుండి వచ్చి బొంబాయిలో స్థిరపడిన యూదు సమాజానికి చెందిన కుటుంబం వారిది. సంఖ్యలో స్వల్పమైనా, వర్తకంలోను, దానధర్మాలలోను ఆ సమాజం ఆ నగరంలో పేరెన్నిక గన్నది. తండ్రి సర్ సాసూన్ డేవిడ్ గొప్ప వర్తకులు. 1906లో స్థాపితమైన బ్యాంక్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షులు. 1926లో తండ్రి మరణించగా బారనెట్ బిరుదం కుమారునికి సంక్రమించింది. అప్పటికే ఆయన లండనులో నివాసమేర్పరచుకొని, చైనా కళపై మనసు నిలిపారు. కేవలం వస్తువులను కొని తృప్తి చెందలేదు. చైనాకు పలుమార్లు ప్రయాణించి, ఆ భాషను అభ్యసించి, కళావస్తువులను గూర్చి చైనా పండితులు రచించిన ప్రాచీన గ్రంథాలను మూలంలోనే పరిశీలించారు.

ఆయనకు ఎదురైన సమస్య సామాన్యమైనది కాదు. చైనా పింగాణీ పాత్రల అడుగుభాగంలో తరచుగా నాలుగు లేక ఆరు అక్షరాల ముద్ర కనిపిస్తుంది. ఆరక్షరాల ముద్రలో మొదటి రెండు రాజవంశాన్ని, తరువాతి రెండు చక్రవర్తి పాలనా నామాన్ని, చివరి రెండు ఆ కాలంలో తయారైనదన్న అర్థాన్ని తెలుపుతాయి. ఇది చూచినవారికి కాలనిర్ణయం సులభమే ననిపిస్తుంది. కాని ముద్రను నమ్మి మోసపోయినవారు కోకొల్లలు. 1465 నుండి 1487 వరకు సాగిన చెంగ్‌హువా పాలనాకాలపు పాత్రలు అత్యంత సుకుమారమైనవని ఖ్యాతి గాంచాయి. రెండు శతాబ్దాల అనంతరం, 1662 నుండి 1722 వరకు నడచిన కాంగ్షీ కాలంలో పనివారు తమ పాత్రలపై ఆ చెంగ్‌హువా ముద్రనే వ్రాశారు. ప్రతిసారీ అది వంచన కాదు. పూర్వుల యెడ గౌరవం కూడ అందుకు కారణం. ఏమైనను, ముద్ర యొక్కటే సాక్ష్యం కాజాలదు. మట్టి స్వభావం, గాజుపూత రంగు, పాదపు అంచును చెక్కిన తీరు, చిత్రలేఖనం, అక్షరాల వ్రాలు - ఇవన్నీ ఏకకంఠంతో పలికినప్పుడే ముద్ర మాట నమ్మదగినది.

కావుననే డేవిడ్ అందం మాత్రమే చూచి వస్తువులను ఎన్నుకోలేదు. తేదీలు, శాసనాలు, కవితలు చెక్కిన పాత్రలకు విశేష ప్రాధాన్యమిచ్చారు. 1920ల చివరలో, చైనా రాచకుటుంబం రుణానికై ఒక బ్యాంకులో తాకట్టు పెట్టిన కళాఖండాలలో కొన్నింటిని ఆయన పొందగలిగారు. ఒక జాతి దుర్దశలో దాని సంపద పరదేశానికి తరలిపోవడం ఉచితమా అన్న ప్రశ్న ఇక్కడ ఉదయించక మానదు. ఆ ప్రశ్నను దాచిపెట్టి ఆయనను కేవలం కీర్తించడం న్యాయం కాదు.

ఆయన సేకరణలో మిక్కిలి ప్రసిద్ధమైనవి డేవిడ్ కూజాలుగా పేర్కొనబడే జంట. నీలిరంగు డ్రాగన్‌లతో, ఏనుగు తలల ఆకారంలోని పిడులతో, దాదాపు రెండడుగుల ఎత్తున ఉంటాయి. ఇవి ఇద్దరు వేర్వేరు సేకర్తల చేతులలో ఉండగా, డేవిడ్ రెండింటినీ సంపాదించి ఒకచోట చేర్చారు. వీటి మెడపై నీలి అక్షరాలలో ఒక శాసనమున్నది. జాంగ్ వెన్‌జిన్ అనే భక్తుడు ఒక ధూపపాత్రను, ఈ కూజాల జతను 1351వ సంవత్సరంలో ఒక దేవాలయానికి సమర్పించుకొన్నాడని దాని సారాంశం. ధూపపాత్ర నేటికీ లభించలేదు.

1351! మింగ్ వంశం అధికారానికి వచ్చినది 1368లో. అంతవరకు నీలి చిత్రాల పింగాణీ మింగ్ యుగంలోనే పరిణతి చెందినదని పండితులు తలచేవారు. అంతకు ముందే, మంగోలుల యువాన్ వంశకాలంలోనే, ఈ విద్య పూర్ణవికాసం పొందినదని ఈ శాసనం నిరూపించింది. దీనిని కొలబద్దగా గ్రహించి, 1950లలో అమెరికా పండితుడు జాన్ పోప్ ఇస్తాంబూలులోని తోప్‌కాపీ ప్రాసాదంలోను, 1611లో షా అబ్బాస్ ఇరానులోని అర్దబీల్ దర్గాకు సమర్పించిన సేకరణలోను పదునాలుగవ శతాబ్ది పాత్రలను గుర్తించాడు. ఆ నీలిరంగుకు మూలమైన కోబాల్టు ఇరాను ప్రాంతం నుండే చైనాకు చేరేది. ఢిల్లీలో తుగ్లక్ కాలపు ప్రాసాద ప్రాంతంలో బయల్పడిన పింగాణీ శకలాల కాలం కూడ ఈ జ్ఞానం వల్లనే స్పష్టమయింది. ఒక భక్తుని మొక్కుబడి ఇన్ని దేశాల చరిత్రకు దీపమయింది.

1935-36లో లండనులో జరిగిన అంతర్జాతీయ చైనా కళా ప్రదర్శనకు డేవిడ్ ప్రధాన నిర్వాహకులు. నాలుగు లక్షలకు పైగా ప్రజలు దానిని దర్శించారు. తరువాత తమ సేకరణను, గ్రంథాలయాన్ని విద్యార్థుల వినియోగార్థం లండను విశ్వవిద్యాలయానికి ఒప్పగించారు. 1952లో గోర్డన్ స్క్వేర్‌లోని ఒక భవనంలో అది ప్రజలకు తెరవబడింది. ఆ భవనం 2007లో మూతపడగా, 2009 నుండి పాత్రలు బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శింపబడుతున్నాయి. సుమారు 1,700 వస్తువులు గల ఈ సేకరణను ఆ మ్యూజియానికి శాశ్వతంగా దానం చేస్తున్నట్లు 2024లో ధర్మకర్తలు ప్రకటించారు.

కడపటి సంవత్సరాలలో అనారోగ్యం పీడించినను డేవిడ్ అధ్యయనాన్ని విడువలేదు. 1388 నాటి ఒక చైనా కళాపరీక్షా గ్రంథాన్ని ఆంగ్లంలోనికి అనువదించారు. 1964లో ఆయన కన్నుమూశారు. ఆ అనువాదం 1971లో వెలువడింది.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో సైతం చైనా పింగాణీ పాత్రలున్నాయి. విద్యార్థి సోదర సోదరీమణులు వాటిని దర్శించినప్పుడు, అందాన్ని చూచి ఆనందించి ఊరకుండక, ఇది ఏ కాలానిది, అది ఎట్లు తెలియును అని ప్రశ్నించుకొందురు గాక. పైకి కనిపించే ముద్రను గౌరవించాలి. కాని ఇతర సాక్ష్యాలతో సరిచూడనిదే నమ్మరాదు. పాత్రల విషయంలో డేవిడ్ నేర్పిన ఈ పాఠం, గ్రంథాలకు, వార్తలకు, మనుష్యులకు కూడ వర్తించేదే.