వెన్నెలకంటి రాఘవయ్య గారిని తలచుకుంటూ

రేణిగుంట చుట్టుపక్కల మన యానాది పిల్లల్లో వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు విన్నవాళ్లు తక్కువ. ఆయన మన కులంలో పుట్టలేదు. 1897లో నెల్లూరు జిల్లాలో పుట్టి, లా చదివి, స్వాతంత్ర్య పోరాటంలో దిగారు. కానీ ఆయన ఎక్కువగా పాటుపడింది మనలాంటి వాళ్ల కోసమే.

అప్పట్లో నేరస్థ జాతుల చట్టం ఉండేది. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 తర్వాత మన మద్రాసు రాజధానికీ వచ్చింది. దాని కిందికి వచ్చిన ఇంట్లో పుడితే చాలు, తప్పు చేయకపోయినా పోలీసు రిజిస్టరులో పేరు, వేలిముద్ర. స్టేషనులో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి అడగాలి. ఒంట్లో బాగాలేక దూరాన ఉన్న ఆస్పత్రికి పోవాలంటే ఎంత పాటు పడాలో ఊహించుకోండి. శ్రీహరికోట అడవుల్లో మూలికలు ఏరి ఊళ్లకు మందు అందించిన జాతి మనది!

రాఘవయ్య గారు యానాదులను సంఘంగా కూడగట్టారు. ఆ చట్టం పోవాలని కొట్లాడినవాళ్లలో ఆయన ముందున్నారు. అది మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. తర్వాత ఆదిమజాతి సేవక్ సంఘంలో పనిచేస్తూ 1962లో మన బతుకు మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశారు. సంచార జాతుల గురించీ, గిరిజన తిరుగుబాట్ల గురించీ రాశారు. 1973లో పద్మభూషణ్ అందుకుని, 1981లో కన్నుమూశారు.

ఆయన పోరాటమంతా మన పేరు ఏ రిజిస్టరులో ఉండాలన్న దాని మీదే అని మాకనిపిస్తుంది. పోలీసు రిజిస్టరులోంచి తీయించారు సరే, ఆస్పత్రి రిజిస్టరులోకి ఎక్కిందా?

మన అవ్వలను చూడండి. చెరువు నీళ్లలో చేపలు పట్టి, కట్టెలు మోసి, ఎలకల బొరియలు తవ్వి మోకాళ్లు అరిగిపోయాయి. వయసు నొప్పి అనుకుని అంగట్లో మాత్ర మింగి పడుకుంటారు. అదే పనిగా మింగితే ఆ మాత్రలు కడుపునూ మూత్రపిండాలనూ చెడగొడతాయి. అన్నీ అరుగుదల నొప్పులు కూడా కావు. తెల్లారి లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోకపోతే, చిన్న కీళ్లు వాచితే అది కీళ్లవాతం కావచ్చు. దానికి రుమటాలజిస్టు అనే ప్రత్యేక డాక్టరు ఉంటాడు. తొందరగా మందు మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా కాపాడుకోవచ్చు. కెనడా ఆదివాసుల్లో ఈ జబ్బు మిగతావాళ్లకన్నా ఎక్కువనీ, స్పెషలిస్టు దాకా చేరేది తక్కువనీ అక్కడ లెక్క తీసి చూపించారు.

మనకు తిరుపతి 10 కిలోమీటర్లే. బర్డ్, స్విమ్స్, రుయా అన్నీ అక్కడే. ఉన్న దూరం వేరు: ఒకనాటి కూలి పోవడం, ఆధార్ కార్డు లేకపోవడం, ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియకపోవడం, కసురుతారేమోనన్న బెదురు. చదువుకున్న మనవడో మనవరాలో పక్కనుంటే ఇందులో సగం తీరుతుంది. ఆమె పేరు, ఊరు ఓపీ చీటీలో సరిగ్గా రాయించండి. ఆ చీటీ పారేయకండి, మళ్లీ వెళ్లినప్పుడు మొదట అడిగేది అదే.