బొమ్మల కథల వాట్కిన్సు

మహాపురుషులనగా మనకు సాధారణముగా రాజులు, సేనానులు, దేశనాయకులు, శాస్త్రజ్ఞులు జ్ఞప్తికి వచ్చెదరు. వారి చరితములు మన పాఠ్యపుస్తకములలో నున్నవి. కాని జీవితమంతయు ఒక బల్ల ముందు కూర్చుండి, కలమును సిరాను తప్ప వేరొక సాధనము నెరుగక, లక్షలాది బాలబాలికలకు వారము వారము నవ్వును పంచిపెట్టిన వారును లోకమున కలరు. అట్టివారిలో డడ్లీ వాట్కిన్సు ఒకడు. బ్రిటనులో తరతరముల పిల్లలు ఆయన బొమ్మలు చూచుచు పెరిగిరి. అయినను వారిలో పెక్కుమందికి చాలకాలము ఆయన పేరైనను తెలియదు. ఆయన జీవితమును గూర్చి మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును నాలుగు మాటలు చెప్పవలెనని మేము తలచితిమి. అందులకు గల కారణము చదివినకొలది తేటపడగలదు.

వాట్కిన్సు 1907వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన ఇంగ్లండులో మాంచెస్టరు సమీపమున ప్రెస్ట్‌విచ్ అను ఊర జన్మించెను. బాల్యము నాటింగ్‌హాము నగరమున గడచెను. తండ్రి లితో అచ్చుపనిలో చిత్రకారుడు. కుమారుని చేతిలోని నేర్పును ఆయనయే మొదట కనిపెట్టి, ఆ నగరపు చిత్రకళాశాలలో అదనముగా పాఠములు చెప్పించెను. పదియేండ్ల ప్రాయముననే ఆ ఊరి వార్తాపత్రిక ఈ బాలుని ప్రతిభను మెచ్చుకొని వ్రాసెను. బిడ్డ చేతిలోని విద్యను గుర్తించి, దానికి నీరు పోసి పెంచిన తండ్రి దొరకుట ఆ బాలుని అదృష్టము.

పిమ్మట వాట్కిన్సు బూట్సు అను మందుల కంపెనీలో కొలువు చేసెను. ఆ కంపెనీ తన ఉద్యోగుల కొరకు ప్రకటించు పత్రికలోనే ఆయన బొమ్మ తొలిసారి అచ్చయ్యెను. 1924లో ఆయన గ్లాస్గో చిత్రకళాశాలలో చేరెను. మరుసటి యేట ఆ కళాశాల అధ్యక్షుడు డండీ నగరములోని డి. సి. థాంసన్ అను ప్రచురణ సంస్థకు ఆయనను సిఫారసు చేసెను. వారిచ్చినది తాత్కాలికమైన ఉద్యోగము. కొలదికాలమునకని వెళ్లిన ఆ యువకుడు తుదిశ్వాస విడుచువరకు, నలుబదినాలుగేండ్లు, ఆ సంస్థకే బొమ్మలు గీసెను.

డండీ స్కాట్లండు తూర్పుతీరమున నున్న రేవుపట్టణము. ఆ దినములలో దానికి మూడు పేరుగన్న పరిశ్రమలుండెను. మొదటిది జనపనార; బెంగాలునుండి ఓడలలో వెళ్లిన నారను అచటి మిల్లులు గోనెగుడ్డగా నేసెడివి. రెండవది పండ్లపాకము. మూడవది పత్రికలు. థాంసన్ సంస్థ బాలుర కొరకు ప్రకటించుచుండిన పత్రికలలో అప్పుడు అక్షరములే ఎక్కువ. కథకొక బొమ్మ మాత్రముండెడిది. వాట్కిన్సు మొదట ఆ కథలకు బొమ్మలు వేసెడివాడు. జీతము చాలక డండీ కళాశాలలో చిత్రలేఖనము నేర్పుచు కాలము గడపెను. ఇట్లు ఎనిమిదేండ్లు గడచిన పిదప, 1933 ప్రాంతమున, ఆయన హాస్య చిత్రకథలవైపు మరలెను.

1936వ సంవత్సరము మార్చి 8వ తేదీ ఆయన జీవితమున ముఖ్యమైన దినము. సండే పోస్టు అను ఆదివారపు పత్రికలో నాడు రెండు చిత్రకథలు ఒకేసారి ఆరంభమయ్యెను. వానిని రూపొందించుటలో సంపాదకుడగు రాబర్టు డంకన్ లో ఆయనకు తోడుగా నుండెను. మొదటిది ఊర్ వుల్లీ. అనగా మన విల్లీ యని అర్థము. వాడు ముళ్లవలె నిక్కిన జుట్టు గల అల్లరి పిల్లవాడు. బోర్లించిన బాల్చీపై కూర్చుండి వాడు కథ మొదలుపెట్టును. ఎన్ని తంటాలు పడినను తుదకు మరల ఆ బాల్చీపైకే చేరును. రెండవది ది బ్రూన్సు. తాత, తలిదండ్రులు, పెద్దవారైన కొడుకులు కూతుండ్రు, బడిపిల్లవాడు, కవలలు, పసిబిడ్డ – మొత్తము 11 మంది గల కుటుంబపు కథ యిది. పేదవాడలోని ఇరుకు ఇంట వారు పోట్లాడుకొందురు, కలసి భుజింతురు, ఒకరినొకరు విడువరు.

ఇచట మన చదువరులు ఒక విషయమును గమనింపవలెను. ఈ రెండు కథలలోని మాటలు పుస్తకములలోని ఆంగ్లము కాదు. స్కాట్లండు ప్రజలు ఇంట, వీధిని మాటలాడుకొను స్కాట్సు పలుకు. రాబర్టు బర్న్సు కవి పూర్వమే ఆ భాషలో కవిత్వము చెప్పి కీర్తి గాంచెను. అయినను బడిలో ఆంగ్లమే మర్యాదగల భాషగా చెల్లుచుండెను. ఇంటి మాట బడిలో నోరుజారిన పిల్లలను ఉపాధ్యాయులు మందలించెడివారు. అట్టి కాలమున ఆదివారమునాడు పత్రిక విప్పగనే, తమ అవ్వ పలుకు మాట అచ్చులో కనబడినప్పుడు ఆ పిల్లల మనస్సు ఎట్లు పొంగియుండునో మనము ఊహింపగలము. తెలుగు రాజ్యభాష కాని తావున నివసించుచు, ఇంట నొక భాషయు బజారున నొక భాషయు వినుచు పెరుగుచున్న మనకు ఆ సంతోషము వేరొకరు వివరింపనక్కరలేదు.

విశేషమేమనగా, ఆ బొమ్మలు వేసినవాడు స్కాట్లండువాడు కాడు. ఇంగ్లండునుండి వలస వచ్చినవాడు. కాని తాను స్థిరపడిన ఊరి ఇండ్లను, మెట్లవరుసలను, పొగగొట్టములను, ముసలివారి నడకను, తల్లుల కోపమును ఆయన శ్రద్ధతో చూచెను. చూచిన దానిని ప్రేమతో గీసెను. అందుచేత ఆ ప్రజలు ఆయన బొమ్మలలో తమ్ము తాము చూచుకొనిరి.

1937 డిసెంబరు 4వ తేదీన థాంసన్ సంస్థ డాండీ అను బాలల వారపత్రికను, 1938 జూలై 30వ తేదీన బీనో అను మరియొక పత్రికను ప్రారంభించెను. డాండీలో వాట్కిన్సు డెస్పరేట్ డాన్ అను మహాబలుని సృష్టించెను. వాడు మంటగొట్టముతో గడ్డము గీసికొనును. కొమ్ములు పైకి పొడుచుకొనివచ్చిన పెద్ద మాంసపు వంటకమును ఒక్కడే ఆరగించును. కాని మనసు వెన్న. బీనోలో ఆయన గీసిన లార్డ్ స్నూటీ కోటలో పుట్టిన జమీందారీ బాలుడు. కోటలోని మర్యాదలు రుచింపక, వాడు వాడలోని పేద పిల్లలతో ఆటలాడుటకు పరుగిడును. ధనికుని బిడ్డయు పేదవాని బిడ్డయు ఆటలో సమానులని ఒక్క నీతివాక్యమైనను చెప్పకయే ఆ కథ తెలిపెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున కాగితమునకు కరవు వచ్చెను. 1941 నుండి 1949 వరకు డాండీ, బీనోలు ఒక వారము ఒకటి, మరుసటి వారము వేరొకటిగా వెలువడెను. చదివిన పత్రికలను పిల్లలు యుద్ధావసరములకై పాతకాగితముగా ఇచ్చివేసిరి. కాగితపు కరవు తీరిన పిమ్మట పాఠకులు మరింత పెరిగిరి. 1950లో బీనో వారమునకు సుమారు 20 లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. ఇన్ని పత్రికలలో ప్రతివారము పుటలు నింపుచు, వాట్కిన్సు స్టీవెన్సన్ రచించిన ట్రెజర్ ఐలండ్, కిడ్నాప్డ్ మొదలగు గొప్ప నవలలకును చిత్రకథా రూపము నిచ్చెను. ఆయన దైవభక్తుడగు క్రైస్తవుడు. మతప్రచార సంఘముల కొరకు ప్రతిఫల మాశింపక బొమ్మలు వేసెను.

ఆ సంస్థలో చిత్రకారులు తమ బొమ్మలపై పేరు వ్రాసికొను ఆచారము లేదు. పిల్లలకు విల్లీ తెలియును, డాన్ తెలియును. గీసిన చేయి తెలియదు. వాట్కిన్సుకు మాత్రము 1940ల నడుమనుండి సంతకము చేయు గౌరవము లభించెను. తక్కిన వారిలో పెక్కురు అజ్ఞాతముగనే యుండిరి. తరువాతి కాలమున, పెద్దవారైన ఆనాటి పాఠకులు పాత సంచికలను వెదకి కూర్చుకొని, గీతను బట్టియే చిత్రకారుని పోల్చుట నేర్చిరి. దస్తూరిని బట్టి వ్రాసినవానిని మనము గుర్తించుట వంటిదే యిది. ఇట్లు సంతకము లేని చిత్రకారులకు వారి పేరు తిరిగి లభించెను. యుద్ధకాలమున పాతకాగితములో పోగా మిగిలిన తొలి ప్రతులు నేడు మిక్కిలి అరుదు. రెండు పెన్నీల వెలగల బీనో మొదటి సంచిక 2004లో పన్నెండువేల పౌండ్లకు పైగా పలికెను.

1969వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, డండీ చెంతనున్న బ్రాటీ ఫెర్రీలోని తన యింట, బొమ్మలు గీయు బల్ల ముందే వాట్కిన్సు గుండె ఆగి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 62 ఏండ్లు. బైబిలు గాథలను చిత్రకథగా రచింపవలెనను ఆయన కోరిక తీరకయే పోయెను. ఆయన స్థానమున కూర్చుండదగిన చేయి వెంటనే దొరకలేదు. విల్లీ, బ్రూన్సు కథలను ఏడేండ్లపాటు, డాన్ కథను పదునాలుగేండ్లపాటు ఆయన పాత బొమ్మలతోనే తిరిగి అచ్చువేసిరి. ఏండ్లు గడచినను పాఠకులు విసుగు చెందలేదు. ఒక కళాకారునికి ఇంతకంటె గొప్ప నివాళి వేరొకటి కలదని మేము తలపము.

డాండీ అచ్చుపత్రిక 75 ఏండ్లు నడచి 2012 డిసెంబరున ఆగిపోయెను. అయినను డండీ నడివీధిలో 2001లో నిలిపిన డాన్ విగ్రహము బాటసారులను పలుకరించుచునే యున్నది.

బాలబాలికలారా! వాట్కిన్సు జీవితమునుండి మనము గ్రహింపవలసిన సంగతులు రెండు కలవు. ఇంటి పలుకు అచ్చునకు తగనిదని యెవ్వరైనను చులకన చేసినచో నమ్మవలదు; దానిని ప్రేమించి శ్రద్ధతో వాడువారున్నచో అది లక్షలమందికి ఆనందము నీయగలదు. మీ తాతలు చెప్పు కథలను, అవ్వలు వాడు మాటలను వ్రాసి పెట్టుకొనుడు. బొమ్మలు వేయగలవారు బొమ్మలు వేయుడు. ఇక రెండవది: వలస వచ్చిన వాట్కిన్సు తాను నిలిచిన నేల భాషను తక్కువగా చూడలేదు, దానిని ఆదరించి, ఆ ప్రజల యాదరమును పొందెను. మన పూర్వులు వచ్చి స్థిరపడిన ఈ సీమ భాషను, ఇరుగుపొరుగుల జీవితమును మనమును అట్లే ఆదరింతము. అమ్మ భాషను నిలుపుకొనుటకు ఇరుగువారి భాషను ద్వేషింప నక్కరలేదు.