రేఖకు స్వేచ్ఛ - విన్సెంట్ వాన్‌గో

చిత్రకళాసాధనాలలో సిరా మిక్కిలి నిర్దాక్షిణ్యమైనది. పెన్సిలుతో గీసిన గీతను చెరిపివేయవచ్చు. తైలవర్ణాన్ని గీకివేసి దానిపై మరొక వర్ణాన్ని పూయవచ్చు. కాగితంపై పడిన సిరాగీత మాత్రం పడినట్టే నిలిచిపోతుంది. అందువల్లనే కొత్తగా కలం చేతబట్టిన చిత్రకారుని వేళ్ళు బిగుసుకొంటాయి. ఎక్కడ తప్పు దొర్లుతుందో అన్న భయంతో అతడు గీతను జంకుతూ జంకుతూ జరుపుతాడు. కొలతలు సరిపోతాయి గాని చిత్రానికి జీవకళ రాదు. ఈ బిగువును సడలించుకొని చేతిని స్వేచ్ఛగా నడిపించడం చిత్రకారులందరికీ ఎదురయ్యే సమస్యయే. దానిని సాధించడానికి ఒక జీవితకాలపు తపస్సును కేవలం పదేళ్ళలో పూర్తిచేసిన మహాకళాకారుడు విన్సెంట్ వాన్‌గో. లోకం అతనిని పొద్దుతిరుగుడు పూల చిత్రకారునిగా, పసుపువన్నె ప్రేమికునిగా ఎరుగును. అయితే అతడు తైలవర్ణ చిత్రాల కంటె ఎక్కువ సంఖ్యలో, అంటే వెయ్యికి పైగా, రేఖాచిత్రాలను రచించాడన్న సంగతి కొందరికే తెలుసు.

విన్సెంట్ 1853 మార్చి 30న నెదర్లాండ్స్ దేశంలోని గ్రోట్ జుండర్ట్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. పదహారేళ్ళ వయసులో, 1869లో, విన్సెంట్ ది హేగ్ నగరంలో గూపిల్ అనే కళావస్తు వ్యాపారసంస్థలో ఉద్యోగిగా చేరాడు. లండన్, పారిస్ నగరాలలోని శాఖలలోనూ పనిచేశాడు. కళపై ప్రేమ పెరిగింది గాని వ్యాపారంపై మనసు నిలువలేదు. 1876లో ఆ కొలువు ముగిసింది. తరువాత కొంతకాలం ఉపాధ్యాయ వృత్తి, కొంతకాలం పుస్తక విక్రయశాలలో పని, మరికొంతకాలం వేదాంతవిద్యాభ్యాసం. ఏదీ కలసిరాలేదు. 1878 చివర బెల్జియంలోని బోరినాజ్ బొగ్గుగనుల ప్రాంతానికి మతప్రచారకునిగా వెళ్ళాడు. గనికూలీల దైన్యాన్ని చూసి చలించి, తన దుస్తులను సైతం వారికి దానమిచ్చి, వారివలెనే పేదరికంలో బతికాడు. పై అధికారులకు ఆ తీరు నచ్చలేదు. 1879లో ఆ నియామకాన్ని వారు కొనసాగించలేదు. ఇరవైయారేళ్ళ విన్సెంట్ వృత్తి లేక, ధనం లేక, బంధువుల దృష్టిలో అప్రయోజకునిగా మిగిలాడు.

ఆ చీకటి రోజులలో అతనికి తోచిన వెలుగు చిత్రరచన. 1880లో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకొన్నాడు. అప్పటికి అతని వయసు ఇరవైయేడు. ఆ నిశ్చయానికి అండగా నిలిచినవాడు తమ్ముడు థియో. గూపిల్ సంస్థలోనే ఉద్యోగం చేస్తున్న థియో, అన్నకు నెలనెలా డబ్బు పంపసాగాడు. ఆనాటి నుండి విన్సెంట్ గీసిన ప్రతి గీత వెనుక ఒక ఋణభారం ఉంది. తాను తమ్ముని కష్టార్జితాన్ని వ్యర్థం చేయడం లేదని నిరూపించుకోవాలన్న ఆరాటం అతనిని జీవితాంతం వెంటాడింది.

రంగుల జోలికి పోకముందు రేఖపై పట్టు సాధించాలని విన్సెంట్ తలచాడు. చార్లెస్ బార్గ్ రూపొందించిన చిత్రలేఖన పాఠాల పత్రాలను ముందుంచుకొని పదేపదే నకళ్ళు తీశాడు. మానవదేహ నిర్మాణాన్ని, దూరాన్ని బట్టి వస్తువుల పరిమాణం మారే తీరును వివరించే గ్రంథాలను చదివాడు. 1881లో తల్లిదండ్రులుండే ఎట్టెన్ గ్రామానికి చేరి, పొలంలో విత్తులు చల్లేవారిని, నేల తవ్వేవారిని నమూనాలుగా నిలిపి గీశాడు. ఆ దశలోని బొమ్మలలో శ్రమ కనబడుతుంది, సౌలభ్యం కనబడదు. విత్తులు చల్లే రైతు చేయి చాచి నిలబడి ఉంటాడే గాని నడుస్తున్నట్లు తోచదు. తన గీతలలోని ఆ బిరుసుతనం విన్సెంట్‌కు తెలియకపోలేదు. తెలిసినందువల్లనే సాధనను మరింత తీవ్రం చేశాడు.

1881 చివర అతడు ది హేగ్ నగరానికి వెళ్ళాడు. అక్కడ బంధువైన ఆంటన్ మావ్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు అతనికి కొంతకాలం పాఠాలు చెప్పాడు. 1882లో కళావర్తకుడైన పినతండ్రి ఒకరు, నగరదృశ్యాలను కలంతో గీసి ఇమ్మని పన్నెండు చిత్రాలకు పని పురమాయించాడు. చిత్రకారునిగా విన్సెంట్‌కు అదే తొలి సంపాదన. ఆ సంవత్సరమే అతడు ఒక వడ్రంగి, ఒక కమ్మరి సాయంతో దృశ్యాన్ని కొలిచే చట్రం ఒకటి చేయించుకొన్నాడు. అది కిటికీ వంటి కొయ్యచట్రం. దానికి అడ్డంగా, నిలువుగా, ఐమూలగా దారాలు బిగించి ఉంటాయి. రెండు కర్రల ఊతంతో దానిని ఇసుకనేలలో నాటి, దారాల మధ్య నుండి దృశ్యాన్ని చూస్తూ, ఏ వస్తువు ఏ గడిలో పడుతున్నదో గమనించి కాగితంపై గుర్తించేవాడు. పూర్వకాలపు చిత్రకారులు వాడిన సాధనమే అది. సముద్రతీరంలోనూ పచ్చికబయళ్ళలోనూ ఆ చట్రాన్ని మోసుకొని తిరిగిన విన్సెంట్, ఏళ్ళ తరబడి దాని క్రమశిక్షణకు తన కన్నును అప్పగించాడు.

1883 చివర నుండి 1885 వరకు అతడు న్యూనెన్ గ్రామంలో రైతులను, నేతగాళ్ళను చిత్రించాడు. బంగాళాదుంపలు తినే కర్షకకుటుంబాన్ని చూపే సుప్రసిద్ధచిత్రం 1885లో వెలువడింది. 1886లో పారిస్ చేరి తమ్ముని ఇంట నివసించాడు. అక్కడ అతనిని మిక్కిలిగా ఆకర్షించినవి జపాన్ దేశపు కొయ్య అచ్చుచిత్రాలు. అన్నదమ్ములిద్దరూ వాటిని వందల సంఖ్యలో సేకరించారు. జపాన్ చిత్రకారులు గడ్డిపరకను ఒక్క విసురులో, వానను కొన్ని వాలుగీతలలో, ఇసుకను చుక్కల గుంపులో స్ఫురింపజేయగలరు. వారు వస్తువులోని సమస్తాన్నీ గీయరు. చూపవలసినది మాత్రమే చూపి, తక్కినది తెల్లకాగితానికి విడిచిపెడతారు. ఈ మితత్వం విన్సెంట్‌కు గొప్ప పాఠమైంది.

1888 ఫిబ్రవరిలో అతడు దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణానికి తరలివెళ్ళాడు. ఆ ప్రాంతపు కాలువగట్లపై బోలుకాడల రెల్లు దట్టంగా పెరుగుతుంది. ఆ కాడలను కోసి, ఈకకలానికి చెక్కినట్లు మొన చెక్కి, సిరాలో ముంచి గీయసాగాడు. ఎట్టెన్‌లోనూ అతడు రెల్లుకలాన్ని వాడి చూశాడు గాని ఆర్ల్ రెల్లు అంతకంటె శ్రేష్ఠమైనదిగా తోచింది. కలం అనే మాటకు మూలార్థమే రెల్లు. మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు నేటికీ వెదురుపుల్లకు మొన చెక్కి, దానితోనే వస్త్రంపై పురాణగాథలను చిత్రిస్తారు. వారు పుల్లకు గుడ్డ చుట్టి, ఆ గుడ్డలో రంగును నిలువ ఉంచుకొంటారు. ఆ చుట్టును వేళ్ళతో నొక్కుతూ దీర్ఘరేఖలను సాగదీయగలుగుతారు. విన్సెంట్ రెల్లుకలానికి అటువంటి ఏర్పాటు లేదు. మొన పట్టుకొనే సిరా స్వల్పం. అది నాలుగైదు గీతలకే ఆరిపోతుంది. కాబట్టి సన్నని పొడవాటి గీతలతో ఆకృతిని చుట్టి బంధించడం ఆ కలంతో సాధ్యం కాదు. పొట్టిగా, దృఢంగా, ఒక్కొక్క గీతనూ నిశ్చయించుకొని వేయవలసిందే. మొదట దట్టంగా, చివర పలుచగా పడే ఆ గీతలలో చేతివేగం స్పష్టంగా తెలుస్తుంది. ఈ విధంగా సాధనానికి గల పరిమితియే అతని శైలికి బలమైంది.

ఆర్ల్ చేరిన తొలిమాసాలలో విన్సెంట్ తన చట్రాన్ని విడువలేదు. 1888 మే నెలాఖరున కొద్దిరోజుల కోసం సేంత్ మరీ అనే సముద్రతీర గ్రామానికి వెళ్ళాడు. అక్కడి బెస్తవారు వేకువనే పడవలతో కడలిలోకి వెళ్ళిపోయేవారు. తీరంలో పడవలు నిలిచి ఉండే సమయం బహు తక్కువ. తిరుగుప్రయాణం నాటి ఉదయం అతడు ఆ పడవలను చిత్రించాలనుకొన్నాడు. చట్రం లేదు, కొలతలు లేవు. కలాన్ని దాని ఇచ్ఛకు విడిచి, సుమారు ఒక గంటలో చిత్రాన్ని ముగించాడు. పడవల ఒంపులు, అడ్డదిడ్డంగా నిలిచిన తెరచాపకొయ్యలు, ఇసుకనేల అన్నీ ఆ చిత్రంలో సహజంగా ఒదిగిపోయాయి. పారిస్‌లో ఉన్నప్పుడు చట్రం సాయంతోనైనా ఇటువంటి చిత్రాన్ని అంత తక్కువ సమయంలో గీయగలిగేవాడిని కానని అతడు తమ్మునికి ఉత్తరం రాశాడు. ఆ చిత్రం ఆధారంగానే తరువాత పడవల తైలవర్ణచిత్రాన్ని రచించాడు.

ఆ ఒక్క గంట వెనుక ఎనిమిదేళ్ళ సాధన ఉంది. చట్రంలోని దారాలు అప్పటికే అతని కంటిలో స్థిరపడ్డాయి. బయట చట్రం లేకున్నా లోపలి చట్రం చెక్కుచెదరలేదు. అందుచేతనే చేయి నిర్భయంగా నడిచింది. కొలతలు నేర్వనివాడు కొలతలను విడిచిపెట్టడం అజాగ్రత్త అవుతుంది. నేర్చినవాడు విడిచిపెట్టినప్పుడే అది స్వేచ్ఛ అవుతుంది.

ఆ సంవత్సరం జూలైలో విన్సెంట్ ఆర్ల్ సమీపంలోని మోన్‌మజూర్ కొండపై నుండి కనబడే మైదానాన్ని పెద్ద కాగితాలపై చిత్రించాడు. అక్కడ మిస్ట్రాల్ అనే ఉధృతమైన గాలి వీస్తుంది. ఆ గాలికి చిత్రఫలకం నిలువదు. దోమల బాధ వేరు. పైగా రంగుల వెల తమ్మునికి భారం. సిరా, రెల్లు, కాగితం చౌక. ఇన్ని ఇబ్బందుల నడుమ పుట్టిన ఆ చిత్రాలే కలంతో తాను గీసినవాటిలో ఉత్తమమైనవని అతడు భావించాడు. క్రో మైదానపు చిత్రాన్ని పరిశీలిస్తే, ముందుభాగంలోని గడ్డిని దట్టమైన నిలువుగీతలు, కోతకోసిన పొలాన్ని చిన్నచిన్న గీతల వరుసలు, దూరాన ఉన్న నేలను సన్నని చుక్కలు చూపుతాయి. దూరం పెరిగేకొద్దీ గీత చిన్నదవుతుంది. ఆకాశం తెల్లగా మిగిలి ఉంటుంది. సిరా కింద పెన్సిలుతో వేసిన ప్రాథమికరేఖలూ ఉన్నాయి. అలవోకగా గీసినట్లు కనబడే చిత్రానికి అడుగున ఆలోచన దాగి ఉందనడానికి అవి సాక్ష్యాలు. ఆ వేసవిలోనే అతడు తన తైలవర్ణచిత్రాలకు కలంతో ప్రతిరూపాలు గీసి, మిత్రులైన ఎమిల్ బెర్నార్‌కు పదిహేను, జాన్ రస్సెల్‌కు పన్నెండు, తమ్మునికి అయిదు పంపాడు. ఒకే దృశ్యాన్ని తిరిగి గీసినప్పుడు సైతం మక్కికి మక్కి నకలు తీయలేదు. ప్రతిసారీ గీతల గతిని మార్చాడు.

1888 డిసెంబరులో విన్సెంట్‌ను తీవ్రమైన మానసికవ్యాధి ఆవరించింది. 1889 మేలో సేన్ రెమీలోని చికిత్సాలయంలో స్వయంగా చేరాడు. అక్కడ గీసిన సైప్రస్ వృక్షాలు జ్వాలలవలె మెలికలు తిరుగుతాయి. గోధుమచేలు అలలవలె ఎగసిపడతాయి. ఈ చిత్రాలను చూసి, అతని రేఖలోని స్వేచ్ఛ ఉన్మాదఫలమని భావించేవారున్నారు. అది న్యాయమైన అభిప్రాయం కాదు. పడవల చిత్రం, మోన్‌మజూర్ చిత్రాలు వ్యాధి బయటపడడానికి కొన్ని నెలల ముందే వెలువడ్డాయి. తీవ్రంగా జబ్బుపడిన రోజులలో అతడు సాధారణంగా పనిచేయలేకపోయేవాడు. తేరుకొన్న రోజులలో మరల కలం, కుంచె పట్టేవాడు. వ్యాధి అతని కాలాన్ని హరించింది. అతనికి కళను ఇచ్చినది మాత్రం సాధనయే.

1890 మేలో విన్సెంట్ పారిస్ సమీపంలోని ఓవేర్ గ్రామానికి వెళ్ళాడు. ఆ సంవత్సరం జూలై 29న, ముప్పైయేడేళ్ళ ప్రాయంలో, తుపాకి గాయంతో మరణించాడు. తమ్ముడు చెంతనే ఉన్నాడు. అన్న ఎడబాటును భరించలేని థియో కూడా ఆరు నెలలకే, 1891 జనవరిలో, కన్నుమూశాడు. మిగిలిన చిత్రాలను, ఉత్తరాలను థియో భార్య యోహానా కంటికి రెప్పలా కాపాడింది. ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. అన్న తమ్మునికి రాసిన లేఖలను 1914లో ప్రచురించింది. ఆ లేఖలలో అనేకచోట్ల మాటల నడుమ కలంతో గీసిన చిన్నచిన్న బొమ్మలు ఉన్నాయి. రాసిన చేయి, గీసిన చేయి ఒకటే. 1973లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో అతని పేర ప్రదర్శనశాల వెలసింది.

విన్సెంట్ వాడిన సిరా కాలక్రమాన వన్నె తగ్గింది. నాడు నల్లగా ఉన్న గీతలు అనేకచిత్రాలలో నేడు గోధుమవన్నెకు మారాయి. అందువల్ల వాటిని మందవెలుతురులో, కొంతకాలం మాత్రమే ప్రదర్శించి, తిరిగి చీకటి అరలలో భద్రపరుస్తారు. రంగు మారినా రేఖలోని వేగం మారలేదు. ఎట్టెన్ పొలంలో బిగుసుకొని నిలిచిన విత్తులు చల్లే రైతు నుండి సేంత్ మరీ తీరంలో గంటసేపటిలో రూపుదాల్చిన పడవల వరకు సాగిన ఆ పయనంలో అతడు ఏ పాఠాన్నీ దాటవేయలేదు. ఏ సాధననూ చులకన చేయలేదు. కట్టుబాటును పూర్తిగా అలవరచుకొన్న చేతికే కట్టు విడిపించుకొనే అర్హత లభిస్తుందని అతని జీవితం నిరూపిస్తున్నది. చిత్రరచనకే గాక ఏ విద్యకైనా వర్తించే సత్యమిది.