తనకు తానే పోటీ

సినిమా అవార్డులొస్తున్నాయంటే చాలు, ఎవరికొస్తుందో ముందే తేల్చేయడం, తీరా ఇంకెవరికో వస్తే రెండ్రోజులు రుసరుసలాడటం మన ఇళ్లల్లో మామూలే. 1963లో మాత్రం హిందీ సినిమా అభిమానులకు ఆ సరదా దక్కలేదు. ఉత్తమ నటి బహుమతికి ఫిలింఫేర్ వాళ్లు ప్రకటించిన నామినేషన్లు మూడు. ఆ మూడూ మీనాకుమారివే! ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’, ‘ఆర్తి’, ‘మై చుప్ రహూంగీ’ మూడూ 1962లో వచ్చిన సినిమాలు. ఇక ఊహించడానికి మిగిలిందల్లా ఏ సినిమాకిస్తారన్నదే. అదీ పెద్ద చిక్కుప్రశ్నేం కాదు. ‘సాహిబ్ బీబీ’లో చిన్న కోడలి పాత్ర చూసినవాళ్లెవరూ ఇంకో పేరు చెప్పి ఉండరు.

అసలు పేరు మహజబీన్. బొంబాయిలో 1933 ఆగస్టు 1న పుట్టింది. తండ్రి అలీబక్ష్ హార్మోనియం వాయించేవాడు, తల్లి ఇక్బాల్ బేగం రంగస్థల నటి. ఇంట్లో లేమి. ఆరేళ్లు నిండకముందే కెమెరా ముందు నిలబెట్టేశారు. బళ్లో పలక పట్టుకోవాల్సిన వయసులో ఇంటికి సంపాదించి పెట్టింది. దర్శకుడు విజయ్ భట్ ఆ పిల్లకి బేబీ మీనా అని పేరు పెట్టారు. పెద్దయ్యాక ఆయనే ‘బైజూ బావ్రా’(1952)లో కథానాయికని చేశారు. ఆ సినిమాతోనే 1954లో మొట్టమొదటి ఫిలింఫేర్ ఉత్తమ నటి బహుమతి అందుకుంది. అప్పటికి ఆ సంస్థ ఇచ్చిన బహుమతులు మొత్తం ఐదే. మరుసటేడు ‘పరిణీత’కి మళ్లీ ఆవిడకే.

అప్పటికి ఆవిడ రహస్యంగా పెళ్లి చేసుకుని కూడా చాలా రోజులైంది. దర్శకుడు కమాల్ అమ్రోహీతో 1952 ఫిబ్రవరిలో నిఖా అయింది. ఆయనకి అప్పటికే భార్యా, పిల్లలూ ఉన్నారు. ‘పరిణీత’ బహుమతి రోజు గురించి సినిమావాళ్లు ఓ ముచ్చట చెప్పుకుంటారు. ఆ సందట్లో మీనాకుమారి తన పర్సు సీట్లో మర్చిపోయిందట. నటి నిమ్మీ చూసి తెచ్చిచ్చిందట. పక్కనే కూర్చున్న భర్తని అడిగితే, చూశాను గానీ తీయలేదన్నాడట. ఇవాళ పర్సు మోస్తే రేపు చెప్పులు మోయాల్సొస్తుందని ఆయన భయం. నిజంగా జరిగిందో లేదో గానీ, భార్యకి పేరొస్తుంటే ముడుచుకుపోయే మగవాళ్లని చూడ్డానికి మనం బొంబాయి దాకా వెళ్లక్కర్లేదు కదా!

మన తెలుగువాళ్లతోనూ ఆవిడకి చుట్టరికముంది. ఎల్వీ ప్రసాద్ గారు మన ‘మిస్సమ్మ’ని హిందీలో ‘మిస్ మేరీ’(1957)గా తీసినప్పుడు సావిత్రి వేసిన పాత్ర మీనాకుమారి వేసింది. ఇందాక చెప్పిన ‘మై చుప్ రహూంగీ’ కూడా, సావిత్రి నటించిన తమిళ ‘కళత్తూర్ కణ్ణమ్మ’కి హిందీ రూపమే. మద్యం దగ్గరా, ఒంటరితనం దగ్గరా కూడా ఈ ఇద్దరి బతుకులూ కలిశాయని మనవాళ్లు బాధగా చెప్పుకుంటారు.

మళ్లీ చిన్న కోడలి దగ్గరికొద్దాం. అదో పాత కలకత్తా జమీందారీ మహల్. భర్త రాత్రిళ్లు సానివాడల్లో గడుపుతాడు. ఆయన్ని ఇంటిపట్టున ఉంచుకోడానికి, ఆయన కోరాడని, గడప దాటని ఆ ఇల్లాలు తాగడం మొదలుపెడుతుంది. మొగుడి కోసం మొదలైంది, చివరికి మొగుడక్కర్లేకుండానే సాగుతుంది. నాకైతే ఏడుపు సన్నివేశాల కన్నా, మత్తులో కూడా కొంగు సర్దుకునే ఆ తీరే గుర్తుండిపోయింది. అనుకున్నట్టే బహుమతి ఆ పాత్రకే వచ్చింది. ఉత్తమ చిత్రం కూడా అదే. బయట చప్పట్లు అలా మోగుతుంటే ఇంట్లో కాపురం విరుగుతోంది. 1964లో భర్త నుంచి విడిగా వచ్చేసింది. ఆపైన తాగుడు ఎక్కువైంది, కాలేయం పాడైంది. ‘కాజల్’కి 1966లో నాలుగోసారి ఉత్తమ నటి అయింది. రాత్రిళ్లు ఉర్దూలో కవితలు రాసుకునేది. నాజ్ అన్నది కలం పేరు. ఆ నోటుపుస్తకాలు చివరికి గుల్జార్ చేతికప్పగించింది.

‘పాకీజా’ భార్యాభర్తలు కలిసున్నప్పుడు 1956లో మొదలెట్టిన సినిమా. విడిపోయాక ఆగిపోయింది. సునీల్‌దత్, నర్గీస్ నచ్చజెప్పాక 1969లో మళ్లీ మొదలైంది. ఒంట్లో ఓపిక లేక కొన్ని నాట్యాలు ఆవిడకి బదులు పద్మాఖన్నా చేసింది. సినిమా 1972 ఫిబ్రవరి 4న విడుదలైంది. మొదట్లో జనం అంతంతమాత్రమే. మార్చి 31న మీనాకుమారి పోయింది. ముప్ఫై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత హాళ్లు కిటకిటలాడిపోయాయి.

ఇక ఆ పై ఏడు, 1973 బహుమతులప్పుడు, పోయిన మనిషికే ఇస్తారని చాలామంది నమ్మకం పెట్టుకున్నారు. నామినేషన్ అయితే వచ్చింది. బహుమతి మాత్రం ‘సీతా ఔర్ గీతా’కి హేమమాలినికి వెళ్లింది. అదే మన ‘గంగ మంగ’ కథ. హేమమాలిని హుషారుగానే చేసింది, కాదనను. కానీ నన్నడిగితే నా ఓటు ‘పాకీజా’కే.

ఆ రోజుల్లో అంతకన్నా పెద్ద గొడవ సంగీతం దగ్గరొచ్చింది. ‘పాకీజా’ పాటలు కట్టిన గులాం మహమ్మద్ సినిమా రాకముందే, 1968లో కన్నుమూశారు. బహుమతి ‘బేఈమాన్’కి శంకర్-జైకిషన్‌కి ఇచ్చారు. అదే ‘బేఈమాన్’లో వేసిన ప్రాణ్‌కి ఉత్తమ సహాయ నటుడి బహుమతి వస్తే, ఆయన పుచ్చుకోనన్నారు. సంగీతానిది గులాం మహమ్మద్‌కే చెందాలన్నది ఆయన పట్టు. సొంత సినిమాకొచ్చిన దాని మీదే అభ్యంతరం చెప్పి, చేతికొచ్చింది వదులుకున్నవాళ్లు ఎందరుంటారు చెప్పండి! నిర్ణయం మాత్రం మారలేదు. పదహారేళ్లు తీసిన ‘పాకీజా’కి ఆ ఏడు ఫిలింఫేర్‌లో దక్కింది ఒక్కటే, కళా దర్శకత్వానికి.