మౌలాలీ కొండ కింద చందమామ

గాజుల కోసం లాడ్ బజార్‌కి వెళ్ళని హైదరాబాదీ ఆడవాళ్ళు ఉంటారా? చార్మినార్ చుట్టూ ఆ సందుల్లో మనం ఎన్నిసార్లు తిరిగి ఉంటామో! సుమారు రెండువందల ఏళ్ళ కిందట ఇదే పాతబస్తీలో ఒకావిడ బయల్దేరితే ముందు నగారాలు మోగేవి, వెంట వందమంది సిపాయిలు నడిచేవారు. ఆవిడ రాణి కాదు, బేగమ్ కాదు. పాట పాడే మనిషి, నాట్యం చేసే మనిషి, కవిత్వం రాసే మనిషి. పేరు మహలఖా బాయి. కలంపేరు చందా. రెండు పేర్లలోనూ చందమామే ఉన్నాడు.

ఆమె గురించి రాస్తున్నానంటే మా బంధువుల్లో ఒక పెద్దావిడ మొహం అదోలా పెట్టారు. ఆడవాళ్ళు చదువుకునే పేజీలో అలాంటి వాళ్ళ గురించి ఎందుకమ్మా అని. అందుకే ఈ కథ చందా దగ్గర కాకుండా వాళ్ళ అమ్మమ్మ దగ్గర మొదలుపెడతాను.

ఆ అమ్మమ్మ పేరు కూడా చందా బీబీయే. గుజరాత్‌లో సంసారం చేసుకుంటున్న ఇల్లాలు. భర్త సర్కారు కొలువులో డబ్బు కాజేశాడని పేరుపడి, పెళ్ళాన్నీ పిల్లల్నీ వదిలేసి పారిపోయాడు. వెనకాల మిగిలింది ఎవరు? ఆవిడా, పిల్లలూ. దారిన పోయే ఆటపాటల బృందం వాళ్ళు చేరదీస్తే, ఆ పిల్లలు బతకడానికి పాట నేర్చుకున్నారు. అలా తిరిగి తిరిగి దక్కన్ చేరిన కూతుళ్ళలో ఒకరు రాజ్ కున్వర్. మన చందా తల్లి. ఈ సంగతులన్నీ చందా తాను బతికుండగానే గులామ్ హుస్సేన్ జౌహర్ చేత రాయించిన చరిత్రలో ఉన్నాయి. కావాలనుకుంటే అమ్మమ్మ కథ దాచుకోవచ్చు కదా! దాచుకోలేదు.

చందా 1768లో పుట్టింది. కడుపులో ఉండగానే తల్లికి ప్రమాదమైందనీ, మౌలాలీ కొండ మీది దర్గా నుంచి ఎర్రదారం, ధూపం తెచ్చి ఇస్తే గండం గడిచిందనీ చెబుతారు. నిజమో కాదోగానీ, ఆ కొండతో చందా బంధం మాత్రం చివరిదాకా తెగలేదు. పిల్లలు లేని మెహతాబ్ అనే దగ్గరి బంధువు చందాని పెంచుకుంది. మెహతాబ్ నిజామ్ ప్రధానమంత్రి రుక్నుద్దౌలా ఇంటి మనిషి. దాంతో పిల్లకి చదువు, గుర్రపుస్వారీ, విలువిద్య అన్నీ వచ్చాయి. సంగీతం నేర్పింది ఖుష్‌హాల్ ఖాన్, తాన్‌సేన్ వంశంవాడు. అంటే అక్బరు ఆస్థానంలో పుట్టిన పాట వంశపరంపరగా మన మూసీ ఒడ్డుకి చేరిందన్నమాట.

రెండో నిజామ్ నిజామ్ అలీ ఖాన్ కోలారు, నిర్మల్, పానగల్ దండయాత్రలకి వెళుతూ ఆమెను వెంట తీసుకెళ్ళాడు. మగవేషంలో, గుర్రం మీద! జాగీర్లు వచ్చాయి, దర్బారు పెద్దల వరసలో చోటు వచ్చింది. పెళ్ళి మాత్రం చేసుకోలేదు.

ఇప్పుడు కొండ సంగతి. 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, యాకూత్ అనే కొలువుకాడికి హజ్రత్ అలీ కలలో కనిపించాడట. పొద్దున్నే వెళ్ళి చూస్తే కొండరాతి మీద చెయ్యి ముద్ర ఉందట. అప్పటినుంచీ రజబ్ నెలలో అక్కడ ఉర్సు. 13న అలీ పుట్టినరోజు, 17న కల వచ్చిన రోజు. నిజాముల కాలంలో ఊరంతా అటే కదిలేది. పాతబస్తీ నుంచి మౌలాలీ ఈ మూల నుంచి ఆ మూలకి! అప్పటికి మూసీ మీద ఉన్నది ఒక్క పురానాపూల్ వంతెనే. చాదర్‌ఘాట్ వంతెన 1831 నాటిది. డేరాలు, వంటసామాను, పిల్లాజెల్లాతో బండ్లు కట్టుకుని వెళ్ళి, కొండకింద రోజుల తరబడి ఉండిపోయేవారు. ముస్లిములూ హిందువులూ అందరూ. మొక్కులు కొండమీద, పాటలూ ముషాయిరాలూ కొండకింద.

స్విట్జర్లాండ్‌లో గ్స్తాద్ అనే కొండ ఊళ్ళో 1957లో యెహుదీ మెనుహిన్ మొదలుపెట్టిన వేసవి సంగీతోత్సవం గురించి చదివినప్పుడు నాకు వెంటనే మౌలాలీయే గుర్తొచ్చింది. మన దగ్గర అంతకు ఎన్నో ఏళ్ళ ముందే కొండ ఉంది, పాట ఉంది, డేరాలు వేసుకుని వినే జనమూ ఉన్నారు. కాకపోతే మనది టికెట్టు లేని వ్యవహారం. చంద్రమాసం లెక్క కాబట్టి ఒక్కో ఏడు ఎండల్లో వచ్చేది, ఒక్కో ఏడు చలిలో.

1792లో తల్లి పోతే చందా ఆ కొండ కిందే సమాధి కట్టించింది. చుట్టూ తోట, నీళ్ళకి బావి, పక్కన మసీదు, వచ్చినవాళ్ళు దిగడానికి వసతి. ఉర్సు రోజుల్లో పాటకీ కవిత్వానికీ ఆ తోటే వేదిక. తల్లి సమాధి దగ్గర ఏడ్చి ఊరుకోకుండా, నలుగురూ కూర్చుని పాట వినే చోటు చేసింది చూడండి!

ఆమె గజళ్ళన్నీ అయిదేసి ద్విపదలే. ఎక్కువ గజళ్ళు చివర్లో అలీని తలుచుకుంటూ ముగుస్తాయి. 1798లో 125 గజళ్ళతో దీవాన్ తయారైంది. 1799లో మీర్ ఆలమ్ ఇంట్లో నాట్యం చేస్తూ చేస్తూ, ఆ పుస్తకాన్ని జాన్ మాల్కమ్ అనే ఇంగ్లీషు అధికారికి కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నగలో అత్తరో ఇవ్వలేదు, తను రాసిన పుస్తకం ఇచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. చాలాకాలం ఉర్దూలో దీవాన్ కూర్చిన మొదటి స్త్రీ ఈమేనన్నారు. తర్వాత లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాన్ ఏడాది ముందుదని తేలింది. ఆవిడా మన దక్కనావిడే, ఇంక పేచీ ఏముంది?

చందా 1824లో పోయింది. భూములు, బంగారం, వెండి, నగలు నిలువ నీడలేని ఆడవాళ్ళకి రాసిపెట్టి పోయిందని చెబుతారు. ఇది చదవగానే నాకు ఆ గుజరాత్ అమ్మమ్మే మనసులో మెదిలింది. ఆమె జాగీరైన అడిక్‌మెట్ నేల మీదే తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ వెలిసింది. అక్కడ చదివిన మన ఆడపిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

మనకి బాగా తెలిసిన ఇంకొకావిడ ఉన్నారు, బెంగుళూరు నాగరత్నమ్మ. ఆవిడా ఆ కులంలోనే పుట్టారు. తిరువయ్యూరులో పాడుబడిన త్యాగరాజస్వామి సమాధికి సొంత డబ్బుతో గుడి కట్టించారు. అక్కడ ఆడవాళ్ళని పాడనివ్వకపోతే వాళ్ళకోసం వేరే ఉత్సవం నడిపారు. ఆఖరికి మగవాళ్ళే దిగొచ్చి అందరూ కలిసి పాడక తప్పలేదు. ఇప్పుడు ఆరాధనోత్సవానికి వెళ్ళే మర్యాదస్థులెవరూ ఆవిడ పుట్టుక గురించి అడగరు. స్వామి ఎదుట ఆవిడ విగ్రహం ఉంది.

మౌలాలీలో ఆ అదృష్టం ఆలస్యంగా వచ్చింది. తోట ఎండి, చుట్టూ ఇళ్ళు మూగి, సమాధి చాలాకాలం పాడుబడి ఉంది. స్కాట్ కుగల్ అనే అమెరికన్ పరిశోధకుడు పట్టుబట్టగా, అమెరికా ప్రభుత్వ నిధులతో 2010లో పని మొదలై 2011లో పూర్తయింది. మన చందమామని పరాయి దేశంవాళ్ళు వచ్చి గుర్తుచెయ్యాల్సి వచ్చిందని కాస్త సిగ్గేసింది గానీ, చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే.

నేను చూడ్డానికి వెళ్ళిన రోజున దారి అడిగితే కొండమీది దర్గాకి అందరూ చూపించారు. సమాధి సంగతి ముగ్గురికి తెలియలేదు. నాలుగో మనిషి, కూరగాయల బండి దగ్గరున్న ఒకమ్మాయి, చెయ్యెత్తి అదిగో ఆ గోడ వెనకే అని చూపించింది. లోపల రెండు సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తల్లిది, ఒకటి కూతురిది.