చావులేని కోడిగుండె
(ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి)

1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరంలో కత్తిపోటుకు గురయ్యాడు. తెగిన పెద్ద రక్తనాళాన్ని కుట్టడం ఆనాటి డాక్టర్లకు చేతకాలేదు, ఆయన చనిపోయాడు. ఆ ఊళ్లోనే వైద్యం చదువుతున్న ఒక కుర్రవాడి మనసులో ఆ చావు నాటుకుపోయింది. అతనికప్పుడు ఇరవై ఏళ్లు, అంటే మా ఈడువాడే. పేరు అలెక్సిస్ కారెల్.

బట్టలమీద అల్లికపని చేసే ఒక స్త్రీ దగ్గర కారెల్ సన్నని సూదితో కుట్టడం నేర్చుకున్నాడు. రక్తనాళాలను కలిపి కుట్టే పద్ధతి కనిపెట్టి, న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో చేరి, 1912లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నేటి అవయవ మార్పిడికి ఆ కుట్టే పునాది.

అదే ఏడాది జనవరిలో కోడిపిండం గుండెనుంచి చిన్న ముక్క తీసి గాజుపాత్రలో పెంచడం మొదలుపెట్టాడు. కారెల్ 1944లో కన్నుమూసినా ఆ కణాలు 1946 దాకా పెరుగుతూనే ఉన్నాయి. శరీరంనుంచి విడదీస్తే కణానికి ముసలితనమే లేదని లోకం నమ్మింది. తమ ప్రయోగశాలలో కణాలు ఆగిపోతే, లోపం తమ చేతుల్లోనే ఉందనుకున్నారు ఇతర శాస్త్రజ్ఞులు.

1961లో అమెరికాలో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే ఇద్దరు ఆ నమ్మకాన్ని కాదన్నారు. మనిషి పిండంనుంచి తీసిన మామూలు కణాలు సుమారు 50 సార్లు రెట్టింపయి ఆగిపోతాయని చూపారు. పాతబడ్డ మగకణాలను, లేత ఆడకణాలను ఒకే పాత్రలో కలిపి పెంచారు. ముసలివి ఆగిపోయాయి, లేతవి సాగాయి. తప్పు ఆహారానిదైతే రెండూ ఆగాలి కదా! అలా ఆగిన కణాలు వెంటనే చావవు. వెడల్పై, బల్లపరుపుగా మారి అలాగే ఉంటాయి. 1995లో వచ్చిన పద్ధతితో వాటికి నీలిరంగు పట్టించి గుర్తించవచ్చు.

మరి కోడిగుండె సంగతేమిటి? ఎప్పటికప్పుడు ఆహారంగా పోసిన పిండరసంతోపాటు కొత్త కణాలు వచ్చి పడ్డాయేమోనని తరువాతివారి అనుమానం. ఈ ముక్క మా నాన్నకు చెబితే వెంటనే అర్థమైంది. పశువులెరువుతో గడ్డివిత్తనాలు మడిలోకి రావూ!

కారెల్‌కు మరో ముఖం కూడా ఉంది. ఘోర నేరస్థులను విషవాయువుతో వదిలించుకోవచ్చని 1935 నాటి పుస్తకంలో రాశాడు. యుద్ధకాలంలో విషీ ప్రభుత్వం కింద సంస్థ నడిపి అపకీర్తి మూటగట్టుకున్నాడు. చేతికున్న నేర్పు వేరు, చెప్పే మాట వేరు.

ప్రాక్టికల్స్‌లో మన రీడింగు పుస్తకంతో కలవకపోతే పక్కవాడి రికార్డు చూసి దిద్దేస్తాం. నేనూ దిద్దాను. కారెల్ కథ చదివాక రబ్బరు పట్టుకుంటే చెయ్యి ఆడటం లేదు.